కుడి సీటులో ఒక మనిషి: పాత బెంజ్ 230 సీఈ, కొత్త బీఎండబ్ల్యూ ఎం2లతో రెండు రోజులు

మా చిన్నాయన పదేళ్లకు పైగా సౌదీలో పనిచేసి 1980ల చివర నల్లగొండకు తిరిగి వచ్చినప్పుడు ఇంటి సామానుతో పాటు ఓడలో ఒక కారును కూడా తెచ్చుకున్నారు. 1982లో తయారైన ఆ మెర్సిడెస్ బెంజ్ 230 సీఈకి రెండే తలుపులు, లేత ఇసుక రంగు, నాలుగు గేర్ల ఆటోమేటిక్, ఎడమ చేతి వైపు స్టీరింగ్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే నా బావమరిది నిరుడు బీఎండబ్ల్యూ ఎం2 అనే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాడు. అతని స్నేహితుడొకరు బెంజ్ ఫొటో చూసి ధర అడగడంతో, బండిని అమ్మాలా ఉంచాలా అన్న మాట ఇంట్లో మొదలైంది. "రెండింటినీ ఒకటే తొవ్వల నడిపి చూసి చెప్పు బిడ్డా" అని చిన్నాయన నాకు పని అప్పగించారు.

నవంబరులో రెండు రోజులు కేటాయించుకున్నాము. మొదటి రోజు నల్లగొండ నుంచి కనగల్, గుర్రంపోడు, కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరి, నల్లమల అడవి దాటి శ్రీశైలంలో బస చేశాము. మరునాడు అదే అడవి దారిలో వెనక్కి వచ్చి, కల్వకుర్తి నుంచి జడ్చర్లకు తిరిగి, అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారిపై అలంపూర్ చౌరస్తా వరకు వెళ్లాము. చిన్నాయన, చిన్నమ్మ, నా బావమరిది, నేను కలిసి నలుగురము. కార్లు మార్చుకుంటూ నడిపాము. చిన్నమ్మకు డ్రైవింగ్ రాదు, అయినా ఈ సమీక్షలో ఆమె పాత్ర చిన్నది కాదు.

రెండింటినీ వాకిట్లో పక్కపక్కన నిలిపినప్పుడు మొదట ఆశ్చర్యపరిచేది కొలతలే. పాత బెంజ్ పొడవు 4,640 మిల్లీమీటర్లు, ఎం2 పొడవు 4,580. అంటే పాతదే ఆరు సెంటీమీటర్లు పొడుగు. ఎత్తులో తేడా సెంటీమీటరు కూడా లేదు. వెడల్పులో మాత్రం బెంజ్ 1,786 దగ్గర ఆగితే ఎం2 1,887కు చేరుతుంది. ఈ పది సెంటీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే గాని, ఊరి మధ్య ఎడ్లబండి ఒకవైపు, నిలిపి ఉంచిన ఆటో మరోవైపు ఉన్నప్పుడు అది అద్దం మడవాలా వద్దా అన్న ప్రశ్నగా మారుతుంది. బరువులో తేడా ఇంకా పెద్దది. బెంజ్ సుమారు 1,400 కిలోలు తూగితే ఆటోమేటిక్ ఎం2 1,725 కిలోలు తూగుతుంది.

బెంజ్ అందమంతా పక్క నుంచి చూసినప్పుడు తెలుస్తుంది. కంపెనీ 123 అని పిలిచే నాలుగు తలుపుల కారు పునాదినే తీసుకొని, చక్రాల మధ్య దూరాన్ని 85 మిల్లీమీటర్లు తగ్గించి, పైకప్పును కిందికి వంచి, 1977లో ఈ కూపేను, అంటే రెండు తలుపుల రకాన్ని, బయటికి తెచ్చారు. ముందు అద్దానికీ వెనుక అద్దానికీ మధ్య స్తంభం లేదు. నాలుగు అద్దాలూ దించితే ముందు నుంచి వెనుక దాకా ఒకే తెరుపు ఏర్పడుతుంది. వీధి అరుగు మీద పైకప్పు వేసి చక్రాలు పెట్టినట్లు ఉంటుంది. 1985లో ఆపేసే వరకు ఈ రకం కూపేలు లక్షకు కొంచెం తక్కువగా మాత్రమే తయారయ్యాయి. ఎం2ను మెక్సికోలోని శాన్ లూయిస్ పోటోసి కర్మాగారంలో కట్టి, పూర్తి బండిగానే మన దేశానికి తెస్తారు. దాని ఆకారంలో కండ ఎక్కువ, నెమ్మది తక్కువ. ఆ నలుచదరపు ముక్కు నాకు నచ్చలేదు; గుర్రంపోడులో చాయ తాగుతుండగా చుట్టూ చేరిన పిల్లలకు మాత్రం అదే నచ్చింది, కాబట్టి ఈ విషయంలో నా మాటకు పెద్ద విలువ ఇవ్వనక్కర లేదు.

ఇంజన్ల విషయానికి వస్తే పోటీ పెట్టడమే అన్యాయం. ఎం2లో మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, దానికి గాలిని ఒత్తి లోపలికి నెట్టే రెండు టర్బోలు. మా దగ్గరున్నది 460 హార్స్‌పవర్, 550 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే రకం. బెంజ్‌లో 2,299 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజన్ కొత్తగా ఉన్నప్పుడు 136 హార్స్‌పవర్, 205 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. నలభై ఏళ్లు దాటాక అందులో ఎన్ని మిగిలాయో అడగడం మర్యాద కాదు. నిలిచి ఉన్న చోటు నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎం2కు 4.1 సెకన్లు చాలు. బెంజ్‌కు, అది కొత్తదిగా ఉన్న రోజుల్లోనే, పదకొండు సెకన్లకు పైగా పట్టేది. అయితే మన నాలుగు వరుసల జాతీయ రహదారుల మీద కార్లకు అనుమతించిన గరిష్ఠ వేగం వందే. కోటి రూపాయల దరిదాపుల్లో పెట్టిన డబ్బు, చట్టం ఒప్పుకునే మేరకు, ఆ 4.1 సెకన్లలోనే ఖర్చయిపోతుంది.

నల్లగొండ దాటగానే అసలు పరీక్ష మొదలైంది. వానాకాలం వరి కోతలు పూర్తవుతున్న రోజులు కావడంతో కనగల్ నుంచి గుర్రంపోడు దాకా రోడ్డులో సగం వడ్ల కుప్పలే. రైతులు ధాన్యం ఆరబోసి, బండ్లు దాని మీదికి రాకుండా అంచు వెంట తలకాయంత రాళ్లు పేర్చుతారు. మిగిలిన సగంలో ఎదురుగా వచ్చే పత్తి లారీ, మన కారు, మధ్యలో కోడిపిల్లలు. ఇలాంటి చోట కారు గుణాన్ని నిర్ణయించేది టైరు పక్కగోడ ఎత్తు. బెంజ్‌కు 195/70 కొలత గల, అంటే 195 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు గల 14 అంగుళాల టైర్లు ఉన్నాయి. అంటే ఇనుప చక్రానికీ రోడ్డుకూ మధ్య 136 మిల్లీమీటర్ల రబ్బరూ గాలీ ఉన్నాయన్న మాట. ఎం2కు వెనుక 285/30 కొలత గల 20 అంగుళాల టైర్లు. అక్కడ ఆ ఎత్తు 85 మిల్లీమీటర్లు. ముందు 19 అంగుళాల చక్రాల దగ్గర అది 96. గుంతలో పడినప్పుడు బెంజ్ 'ధప్' అని ఊరుకుంటుంది, ఎం2 'టక్' అంటుంది; ఆ 'టక్' విన్న ప్రతిసారీ నా బావమరిది ముఖం చూడవలసి వచ్చేది.

సస్పెన్షన్‌ను మెత్తబరిచే కంఫర్ట్ స్థాయి ఎం2లో ఉంది, అది నిజంగానే పనిచేస్తుంది. బాగున్న తారు రోడ్డు మీద దాని నడక నేను ఊహించిన దానికంటే చాలా మర్యాదగా ఉంది. సమస్య మెత్తదనంలో లేదు, చక్రం పైకీ కిందికీ ఆడడానికి ఉన్న జాగాలో ఉంది. కొండమల్లేపల్లికి ముందు ఒక ఊరి దగ్గర, రంగు వేయని, ఏ బోర్డూ లేని ఒక స్పీడ్ బ్రేకర్ మీద బెంజ్ గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో దాటిపోయి వెనక్కి తిరిగి చూడలేదు. వెనకాల వస్తున్న ఎం2ను ఆపి, ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్ని ఎక్కిస్తూ దాటించినా ముందు బంపర్ కింది అంచు రోడ్డును గీరింది. ఊరివాళ్లు సొంతంగా వేసుకున్న మట్టి దిబ్బకు మ్యూనిక్ ఇంజనీర్లు జవాబుదారీ కారు, నిజమే. కాని మనం నడిపేది ఆ దిబ్బల మీదనే.

స్టెప్నీ గురించి ఒక మాట. బెంజ్ డిక్కీలో పూర్తి కొలత గల స్టెప్నీ, జాకీ ఉన్నాయి. ఎం2లో స్టెప్నీ లేదు. పంక్చర్ అయితే టైరులోకి జిగురు ద్రవం ఎక్కించి గాలి కొట్టే కిట్టు ఒకటి ఇస్తారు. ముల్లు గుచ్చుకుంటే అది సరిపోతుంది. వడ్ల అంచున పేర్చిన రాయి తగిలి పక్కగోడ చీలితే దానితో ఒరిగేదేమీ లేదు. ఆ కొలత టైరు దేవరకొండలోనూ దొరకదు, అచ్చంపేటలోనూ దొరకదు. మాకు ఆ అవసరం రాలేదు. అయినా మన్ననూరు చెక్‌పోస్టు దాటిన తరువాత ఫోన్ సిగ్నల్ పోయినప్పుడు రెండు కార్లలోనూ మేము దాని గురించే ఆలోచించామని తరువాత ఒప్పుకున్నాము.

ఇప్పుడు పాత బండి లోపాల వంతు. దేవరకొండలో ఇరవై నిమిషాలు ఆగి బయలుదేరబోతే బెంజ్ స్టార్ట్ కాలేదు. ఇది అర్థం కావాలంటే ఆ ఇంజన్‌కు పెట్రోలు ఎలా అందుతుందో తెలియాలి. బాష్ కంపెనీ కె-జెట్రానిక్ అని పేరు పెట్టిన ఆ ఏర్పాటులో కంప్యూటర్ ఊసు లేదు. గాలి లోపలికి పోయే దారిలో ఒక గుండ్రని పళ్లెం ఉంటుంది. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే పళ్లెం అంత లేస్తుంది, దానికి తగిలించిన మీట ఒక సన్నని కడ్డీని అంతే ఎత్తుకు నెడుతుంది, ఆ మేరకు పెట్రోలు నాలుగు సిలిండర్లకూ ఎడతెగకుండా పారుతుంది. చెరువు తూము కడ్డీని ఎంత ఎత్తితే కాలువలోకి అన్ని నీళ్లు, అదే లెక్క. ఇంజన్ ఆపిన తరువాత కూడా గొట్టాల్లో ఒత్తిడి నిలిపి ఉంచడానికి అక్యుములేటర్ అనే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. ఆ ఒత్తిడి జారిపోతే ఇంజన్ వేడికి గొట్టాల్లోని పెట్రోలు ఆవిరై, చల్లారే దాకా బండి కదలదు. చిన్నాయన నిరుడు ఒక దుకాణంలో అసలుది కాదని తెలిసీ, సగం ధరకు వస్తున్నదని ఆ డబ్బా కొని వేయించారు. దాని ఫలితంగా బానెట్ ఎత్తి అరగంట నిలబడ్డాము. నవంబరులోనే ఇలా ఉంటే నల్లగొండ మే నెలలో ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు.

ఆ అరగంటలో చిన్నాయన మరో రెండు సంగతులు చెప్పారు, కొనేవారు ఎవరైనా వినవలసినవి. మొదటిది ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. 1982 నాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ఆ సన్నని కడ్డీ ఉండే భాగంలో తుప్పు పట్టే ప్రమాదం ఉంది. అందుకే ఆయన గొట్టాలన్నీ మార్పించారు, వారానికొకసారి నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు దాకా పోయి వస్తారు. రెండవది ఈ ఇంజన్ టైమింగ్ చైన్, అంటే ఇంజన్ లోపలి భాగాలన్నీ ఒకే లయలో తిరిగేలా చూసే గొలుసు. తొలి సంవత్సరాల్లో దీనికి ఒంటి వరుస గొలుసే వేశారు. అది సాగుతుంది, సాగిందని ముందుగా శబ్దంతో చెబుతుంది, ఆ శబ్దాన్ని పట్టించుకోకపోతే ఇంజన్‌నే మూల్యంగా తీసుకుంటుంది. ఎం2 యజమాని ఇవేవీ తెలుసుకోనక్కర లేదు. బండే తెరమీద రాసి చూపుతుంది. అది రాసినదాన్ని సరిచేసేవాడు మాత్రం హైదరాబాద్‌లోనే ఉంటాడు. చిన్నాయన బండి చూసే మెకానిక్ షెడ్డు నల్లగొండలో వారి ఇంటి వెనుక వీధిలో ఉంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మామూలు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత ఐదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి; 20 ఏళ్లు దాటిన మామూలు కార్లకు ఈ పొడిగింపు ఫీజును 2025లో 10,000 రూపాయలకు, విదేశాల నుంచి తెచ్చుకున్న కార్లకు 80,000 రూపాయలకు పెంచారు. యాభై ఏళ్లు నిండిన బండ్లకు 2021 నాటి నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు దొరుకుతుంది, ఈ బెంజ్‌కు 2032లో ఆ అర్హత వస్తుంది. అయితే వింటేజ్ బండిని రోజువారీ పనులకు నడపకూడదు. ప్రదర్శనకు పెట్టుకునేవారికి అది గౌరవం; వారం వారం పానగల్లు పోయే మనిషికి అది నష్టమే.

డిండి దాటి మన్ననూరు చేరాక దారి స్వభావం మారిపోతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఈ రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసివేస్తారు. పగలు కూడా నెమ్మదిగానే పోవాలి, హారన్ కొట్టకూడదు, ఎక్కడబడితే అక్కడ ఆగకూడదు. ఫర్హాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట వరకు నేను బెంజ్‌లో ఉన్నాను. నాలుగు అద్దాలూ దించేశాము. మధ్య స్తంభం లేని ఆ తెరుపు విలువ నాకు అప్పుడు అర్థమైంది. ఎండుటాకుల వాసన, కోతుల అరుపు, ఎక్కడో దూరంగా నెమలి కూత, అన్నీ నేరుగా లోపలికి వచ్చాయి. గంటకు ముప్పై, నలభై కిలోమీటర్ల వేగంలో బెంజ్ ఇంజన్ మరచిపోదగినంత నిశ్శబ్దంగా ఉంటుంది. అదే వేగంలో ఎం2 కట్టేసిన పొట్టేలులా ఉంది. పొగగొట్టంలోంచి వచ్చే గుర్రు వినడానికి బాగానే ఉంటుంది గాని, అడవిలో అది ఎవరికి వినిపించాలని?

దోమలపెంట దాటి ఈగలపెంట నుంచి పాతాళగంగ వంతెనకు దిగే ఘాట్ మీద మాత్రం ఎం2 నా నోరు మూయించింది. మలుపుకు ముందు బ్రేకు నొక్కితే అది అడిగినంత చోట, అడిగినంత మేరకే ఆగుతుంది. స్టీరింగ్ కొంచెం తిప్పితే ముక్కు వెంటనే తిరుగుతుంది, వెనుక చక్రాలు ఎక్కడున్నాయో నడుముకు తెలుస్తుంది. బెంజ్‌లో అదే మలుపులకు పెద్ద స్టీరింగ్‌ను రెండు చేతులతో కుమ్మరి చక్రంలా తిప్పాలి, పైభాగం పడవలా ఒరుగుతుంది, బ్రేకును ముందుగానే ఆలోచించి నొక్కాలి. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులే ఉన్నా, గట్టిగా బ్రేకు నొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఆ రోజుల్లో అదనపు డబ్బుకు ఇచ్చే సదుపాయం. ఈ బండికి అది లేదు, ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు. పాత కార్ల మీద ప్రేమతో ఈ ముక్కను చిన్న అక్షరాలతో రాసే సమీక్షలు చాలా చూశాను. ఢీకొన్నప్పుడు ఈ రెండు కార్లలో కూర్చున్నవారి గతి ఒకటి కాదు. నా పిల్లలను రాత్రిపూట జాతీయ రహదారి మీద తీసుకుపోవలసి వస్తే బెంజ్ తాళంచెవి నేను ముట్టను.

మరునాడు జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు మీదుగా, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, వంద కిలోమీటర్లకు పైగా సాగిన నాలుగు వరుసల రోడ్డు ఎం2 సొంత ఊరులా అనిపించింది. ఎనిమిదో గేరులో, వందకు లోపు వేగంలో ఇంజన్ కునికిపాట్లు పడుతూ పోతుంది. దారి మధ్యలో లారీ హఠాత్తుగా వరుస మారితే కాలు కాస్త కదిపితే చాలు, ఆ లారీ అద్దంలో చుక్కయిపోతుంది. సీట్లు నడుమును గట్టిగా పట్టుకుంటాయి. వెనుక సీట్లు పేరుకే ఉన్నాయి, చిన్నమ్మ అందులో ఐదు నిమిషాలు కూర్చుని, "ఇది మనుషులకా, సంచులకా?" అని దిగిపోయారు. బెంజ్ కూడా తొంభై దగ్గర స్థిరంగానే సాగింది, వెనుక సీటులో పెద్దవాళ్లు కాళ్లు చాపుకొనే కూర్చున్నారు. కాకపోతే స్తంభం లేని అద్దాల అంచుల్లోంచి గాలి ఈల వేస్తుంది. ఆ రబ్బర్లు ఇప్పుడు బంగారం ధర పలుకుతాయి.

ఇక ఈ బెంజ్ గురించి ఏ కొలతల పట్టికలోనూ కనిపించని విషయం. స్టీరింగ్ ఎడమవైపు ఉండడం వల్ల, ఒంటి వరుస రోడ్డు మీద ముందు గడ్డి ట్రాక్టర్ పోతుంటే, ఎదురుగా ఏమి వస్తున్నదో నడిపేవాడికి కనిపించదు. ఇలాంటి బండికి సంకేతాలిచ్చే పరికరం సరిగ్గా పనిచేస్తూ ఉండాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. బెంజ్ ఇండికేటర్లు బాగానే పనిచేస్తాయి, కాని అవి ఎదుటివారికి మన సంగతి చెబుతాయే తప్ప మనకు ఎదుటివారి సంగతి చెప్పవు. ఆ పని కుడి సీటులో కూర్చున్న మనిషిది. ఈ ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషి చిన్నమ్మే. ఆమె కిటికీ అంచున చేయి ఆనించి, తల కొంచెం బయటికి వంచి చూసి, "ఆగు", "లారీ ఉన్నది", "పో" అంటారు. చిన్నాయన ఆ "పో" విన్న క్షణంలో కాలు నొక్కుతారు, తాను చూడవలసిన అవసరం ఉందని అనుకోరు. గుర్రంపోడు దాటాక నేను నడుపుతున్నప్పుడు ఆమె "పో బిడ్డా" అన్నారు. నమ్మలేక సగం సెకను ఆగాను, ఆ సగం సెకనులో ఖాళీ పోయింది, మళ్లీ రెండు కిలోమీటర్లు గడ్డి వెనకాలే నడిచాము. ఆమె ఏమీ అనలేదు, కాని తరువాతి "పో" కొంచెం గట్టిగా వచ్చింది.

రెండవ రోజు కల్వకుర్తి దారిలో నా బావమరిది బెంజ్ నడిపాడు, నేను కుడి సీటులో ఉన్నాను. నేను ఫోన్ చూసుకుంటున్నందున అతను ఒక చెరకు ట్రాక్టర్ వెనకాల నాలుగు కిలోమీటర్లు ఓపిగ్గా పోయాడు. "బావా, నీ సీటుకు కూడా లైసెన్స్ ఉండాలె" అన్నాడు. ఎం2లో పక్క సీటు ఖాళీగా ఉన్నా బండికి ఏ లోటూ లేదు. ముందున్న బండి దూరం అదే కొలుస్తుంది, అదే హెచ్చరిస్తుంది. ఒక్కడే ప్రయాణించేవాడికి, తరచుగా జాతీయ రహదారులే పట్టేవాడికి, దగ్గరలో సర్వీస్ సెంటర్ ఉన్నవాడికి ఎం2 కంటే మంచి బండి చూపమంటే నేను చూపలేను. నల్లగొండలో ఉంటూ, పల్లె రోడ్ల మీద తిరుగుతూ, ఆదివారం అడవి దాకా పోయి రావాలనుకునే ఇద్దరికి మాత్రం నేను బెంజ్‌నే చెబుతాను. ఏబీఎస్ లేదన్న సంగతి, అసలు అక్యుములేటర్ వేయించాలన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇదంతా చిన్నాయనకు చెప్పాను. ఆయన విని, ధర అడిగిన ఆ స్నేహితుడిని వచ్చి చూసుకోమనండి, ధర తరువాత మాట్లాడుదాం అన్నారు. ఆ అబ్బాయి వచ్చే ఆదివారం హైదరాబాద్ నుంచి బస్సులో ఒక్కడే వస్తాడట, కుదిరితే బండి నడుపుకుంటూ వెళ్లిపోతాడట. ఎవరినైనా ఒక మనిషిని వెంట తెచ్చుకొమ్మని చిన్నమ్మ నాతో ఫోన్ చేయించారు.